తవుడు బావ ఊపిరికి పచ్చపలక

మొదటి రోజు. ఎండ బాగుంది.

రాస్తున్నది గైరమ్మ, తెప్పలవలస పలకల గది నుంచి. ఈ గదిలో పనిచేసేవాళ్లు రోజూ చిట్టా రాయాలని పంచాయితీ నియమం. నాకు ముందు ఇక్కడ కూర్చున్నాయన "పని జరిగింది" అనే రెండు ముక్కలతో పదకొండేళ్లు నెట్టుకొచ్చాడు. నాకు నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు.

పొద్దున్న తవుడు బావ ఊపిరి యంత్రం ఆగిపోయింది. రెండు నిమిషాల తర్వాత తనంతట తానే లేచింది. ఆ రెండు నిమిషాలూ ఆయన భార్య పారమ్మ అక్క రబ్బరు సంచి ఆయన మూతికి ఆనించి, చేత్తో నొక్కుతూ గాలి అందించింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి యంత్రం నడుస్తోంది, అక్క మాత్రం సంచి ఇంకా వదల్లేదు.

వాళ్లతో నాకు రక్తసంబంధం ఏమీ లేదు, వరస కలుపుకున్నాం అంతే. తవుడు బావ ఇరవై ఆరేళ్లు మా ఊరు తేలే తెప్పల అడుగున మునిగి జల్లెడలు శుభ్రం చేశాడు. మంచినీళ్లు తీసే యంత్రంలోకి నాచు పోకుండా ఆపే జల్లెడలు అవి. ఊళ్లో నీళ్లు తాగి పెరిగిన ప్రతివాళ్లూ ఆయనకి బాకీయే. మూడేళ్ల కిందట ఛాతీ కండరాలు నీరసించడం మొదలైంది. పీల్చాలని ప్రయత్నించగలడు కాని నిండా పీల్చలేడు. ఆయన మొదలుపెడితే మిగతాది యంత్రం పూర్తి చేస్తుంది.

విప్పి చూశాను. మోటారు బాగుంది, గొట్టాలు బాగున్నాయి. చచ్చిపోతున్నది లోపలి నల్లపలక.

నల్లపలక అంటే పాత జాతి ప్రాసెసర్ ఉన్న బోర్డు. ఒడ్డు మీద ఊళ్లున్న కాలంలో వచ్చేవి, ఇక రావు. మాకు మిగిలినవి రెండు. ఒకటి ఈ యంత్రంలో ఉంది. రెండోది నేను ఎండ కరెంటుతో నడిపే పెద్ద కంప్యూటర్లో ఉంది, ఆ పలక తలుపంత ఉంటుంది కాబట్టి పీకి ఇందులో పెట్టే వీలు లేదు. పచ్చపలకలు మాత్రం పెట్టెల కొద్దీ ఉన్నాయి, మునిగిపోయిన ఇళ్లల్లో బట్టలుతికే మిషన్ల నుంచి తీసినవి. కాని పచ్చపలక ప్రాసెసర్ జాతే వేరు. నల్లదానికి తయారైన ప్రోగ్రామ్ దీనికి ఎక్కదు.

రెండో రోజు. ఎండ.

కాంపౌండరు జోగారావు వచ్చాడు. ఊళ్లో డాక్టరన్నా ఆయనే, మంత్రసాని అన్నా ఆయనే.

"ఊపిరి ప్రోగ్రామ్ మొత్తం రాసున్నాది గదా నీ కాడ. ఆ పచ్చపలకలో ఎక్కించీ. దానికింత రాద్ధాంతం ఏటి?" అన్నాడు.

"రాసున్నది మనుషులు చదివే రాత అన్నా. దాన్ని పలకకి అర్థమయ్యే అంకెలుగా మార్చేది కంపైలర్. నా కాడున్న కంపైలర్‌కి నల్లపలక అంకెలే వొచ్చు."

"పచ్చదాని మీద కూకుని మార్చు మరి."

"అది అరసెయ్యంత లేదు. దాని మీద కంపైలర్ కూకోదు. అందుకే నల్లదాని మీద కూకుని పచ్చదానికి వొండిపెట్టే కంపైలర్ ఒకటి కట్టాల. దాన్నే క్రాస్ కంపైలర్ అంటారు."

"ఎన్నాళ్లు?"

"ఎండని బట్టి."

ఇలాంటిది కట్టడం మొదలుపెట్టగానే కంప్యూటర్ మూడు ప్రశ్నలు అడుగుతుంది. దీన్ని ఏ యంత్రం మీద కడుతున్నావు? కట్టాక ఇది ఏ యంత్రం మీద కూర్చుని పనిచేస్తుంది? ఇది తయారుచేసే ప్రోగ్రామ్ ఏ యంత్రం మీద నడుస్తుంది? జవాబులు నల్ల, నల్ల, పచ్చ. చూడ్డానికి చిన్నపిల్లల లెక్క. నేను మొదటిసారి నల్ల, పచ్చ, పచ్చ అని కొట్టి, నాలుగు గంటల ఎండ గంగలో కలిపాను. ఈ సంగతి జోగారావుకి చెప్పలేదు.

మూడో రోజు. ఎండ.

యంత్రం మళ్లీ ఆగింది. ఈసారి ఐదు నిమిషాలు.

ఇక్కడ పని ఒక చోట పట్టేసింది. కంపైలర్ పూర్తి కావాలంటే పచ్చపలకకి సరిపడే లైబ్రరీ ఉండాలి. లైబ్రరీ అంటే ప్రతి ప్రోగ్రామూ అడిగే చిల్లర పనుల కట్ట. ఆ లైబ్రరీ తయారు కావాలంటే కంపైలర్ కావాలి. ముందు సగం కంపైలర్ కట్టి, దానితో లైబ్రరీ చేసి, ఆ లైబ్రరీతో మిగతా సగం కట్టాలి. సగం కట్టడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది.

నాలుగో రోజు. మబ్బు.

కరెంటు లేదు. బ్యాటరీల్లో దాచింది బావ యంత్రానికే. పని లేదు. కోపం మాత్రం చాలా ఉంది.

తొక్కుడు వంతుకి వెళ్లాను. తెప్పల అడుగులోకి ఊరే నీళ్లు పగలంతా తోడుతూనే ఉండాలి మాకు. పదేళ్లు నిండిన ప్రతి మనిషీ రోజుకి గంటసేపు పంపు తొక్కాలి. ఒక బల్ల మీద ఎనిమిది మందిమి నిలబడతాం. తుడుం దెబ్బకి కాలు, కాలుకి ఊపిరి. ఒకరు దెబ్బ తప్పితే పక్కవాళ్ల మోకాలు చితికిపోతుంది. అందుకే ముందు ఊపిరి కలపడం నేర్పుతారు, తర్వాతే కాలు పెట్టనిస్తారు. ముప్ఫై ఏళ్లు తొక్కాక ఎక్కడ దెబ్బ వినిపించినా ఊపిరి దాని వెంట పోతుంది. వలకి గుండ్లు కడుతున్నా పోతుంది, కూర తరుగుతున్నా పోతుంది.

పారమ్మ అక్కకి మూడేళ్లుగా వంతు మినహాయించారు. బావని వదిలి ఎక్కడికి వస్తుంది?

ఐదో రోజు. ఎండ, మధ్యాహ్నం మబ్బు.

తొమ్మిది నిమిషాలు ఆగింది.

లైబ్రరీ ససేమిరా అంది. మూడు గంటలు వెతికితే తేలిందేమిటంటే, అది పచ్చపలక వివరాలు చూడాల్సింది పోయి నా కంప్యూటర్ వివరాలే చూస్తోంది. ఎదురుగా ఉన్నది వదిలేసి ఇంట్లో అలవాటైన డబ్బాలోనే చెయ్యి పెడుతోంది. దారులన్నీ మూసి, పచ్చపలక దారి ఒక్కటే తెరిచి పెట్టాను. అప్పుడు కదిలింది.

ఆరో రోజు. మంచి ఎండ.

వెలిగింది! పచ్చపలక మీద చిన్న దీపం ఉంటుంది. దాన్ని సెకనుకి ఒకసారి వెలిగించి ఆర్పమని నాలుగు వాక్యాలు రాసి, కొత్త కంపైలర్‌తో మార్చి ఎక్కించాను. వెలిగింది, ఆరింది, వెలిగింది. నలభై ఒక్కేళ్ల మనిషిని, గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ పలక పట్టుకెళ్లి బావకి చూపించాను. మాస్కు ఉండడం వల్ల ఆయన మాట్లాడలేడు, పక్కనున్న రాతపలక మీద రాస్తాడు. "మినుగురు పురుగుని పట్టావేటే" అని రాశాడు. అక్కడున్న కాసేపట్లోనే యంత్రం ఆగింది. పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాలూ నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

ఏడో రోజు. ఎండ.

ఊపిరి ప్రోగ్రామ్ మొత్తం పచ్చపలక అంకెల్లోకి మారింది. మార్చేటప్పుడు కంపైలర్ నాలుగు వందల పైచిలుకు హెచ్చరికలు చూపించింది. పాత రాత, కొత్త కంపైలర్, సణుగుడు మామూలే. అన్నీ చదివే ఓపికా లేదు, అందుకు చాలినంత ఎండా మిగల్లేదు. హెచ్చరికలు చూపించవద్దని చెప్పేశాను.

మనిషి ఒంటికి తగిలే ఏ యంత్రానికైనా, ప్రోగ్రామ్ ఎక్కించినవాళ్లే ముందు తమ ఒంటి మీద నడిపించుకోవాలి. మా ఊరి కట్టుబాటు అది. ఒంటి పరీక్ష అంటాం. బావని సంచి మీద పెట్టలేం కాబట్టి పాత నమూనా యంత్రం ఒకటి దులిపి, అందులో పచ్చపలక బిగించి, మాస్కు పెట్టుకుని నాలుగు గంటలు పడుకున్నాను. గాలి వచ్చింది, పోయింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. నిమిషానికి పద్నాలుగు శ్వాసలు, నాలుగు గంటల్లో ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. జోగారావు సంతకం పెట్టాడు. నాకు గర్వం ఆగలేదు. తిన్నగా వంటశాలకి వెళ్లి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఎనిమిదో రోజు.

రాయబుద్ధి కావడం లేదు.

పచ్చపలక బావ యంత్రంలో బిగించాం. రెండు నిమిషాలు బాగానే ఉన్నట్టు కనిపించింది. తర్వాత ఆయన ముఖం మారిపోయింది. ఆయన వదలబోతుంటే యంత్రం లోపలికి నెడుతోంది, ఆయన పీల్చబోతుంటే ఊరుకుంటోంది. పెదవులు నీలంగా మారాయి. మాస్కు లాగేసుకోబోయాడు. అక్క సంచి అందుకుంది, నేను ఆరు మరలూ విప్పి పాత నల్లపలకే మళ్లీ పెట్టాను. నా చేతులు అంత వేగంగా ఎప్పుడూ కదల్లేదు.

బయటికి వచ్చాక జోగారావు అన్నాడు: "నీ పలకలో తప్పు లేదు గైరమ్మా. ఒంటి పరీక్ష నెగ్గింది, నేను కళ్లారా సూసినాను. తవుడే దాని దెబ్బ అందుకోలేకపోతన్నాడు. పంపు తొక్కి మూడేళ్లయిపోనాది గదా. తాళం మళ్లీ అలవాటు సెయ్యాల."

నిజం చెప్పాలి, ఆ మాట నాకు హాయిగా తోచింది. తప్పు నాది కాదన్నమాట. సాయంత్రం తుడుం తెప్పించి మంచం పక్కన మెల్లగా కొట్టించాం, నిమిషానికి పద్నాలుగు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "దెబ్బకి పీల్చు బావా, దెబ్బకి వొదులు" అన్నాను. ఆయన ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టేదాకా ప్రయత్నించాడు.

తర్వాత రాతపలక అడిగి తీసుకున్నాడు. "నా వొల్ల కాట్లేదు గైరీ. ఇక నన్నొగ్గీండి" అని రాశాడు.

అక్క అది చదివి, కొంగుతో తుడిచేసింది.

తొమ్మిదో రోజు. ఎండ.

పొద్దున్నే నల్లపలక చచ్చిపోయింది. ఇక లేవదు.

ఇప్పుడు బావకి ఊపిరంటే రబ్బరు సంచి, దాన్ని నొక్కే చేతులు. ఊరంతా వచ్చారు. పంపు దగ్గర వంతు దిగినవాళ్లు దిగినట్టే వచ్చి వరుసలో నిలబడ్డారు. పావుగంటకి ఒకరు. అందరూ లోలోపల దెబ్బ లెక్కపెట్టుకుంటూ నొక్కారు. బావ కళ్లు మూసుకుని భరించాడు. మెడ నరాలు తేలిపోయాయి. నా వంతు వచ్చింది. నేను కూడా ఒకటి, రెండు, మూడు, నొక్కు అనుకుంటూ నొక్కాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"లెగు. నువ్వు నొక్కీకు" అంది అక్క.

నా చేతిలో సంచి తీసుకుంది. నాలుగు నొక్కుల్లో బావ మెడ సడలింది. పదో నొక్కుకి కళ్లు తెరిచాడు.

"ఎన్ని లెక్కెడతన్నావక్కా?" అని అడిగాను.

"లెక్కేటి?"

"నొక్కడానికి. ఎన్నింటికి ఒకసారి?"

అక్క నా వైపు చూడనే లేదు. చూపంతా ఆయన గొంతు గుంట మీదే ఉంది. "నాకు లెక్కలు రావు. ఆడు పీల్సబోనప్పుడు ఇక్కడ కొంచెం లోపలికి పోతాది. అది సూసి నొక్కుతాను. ఒకపాలి బేగి పీలుత్తాడు, ఒకపాలి ఆలీసం. మనిషన్నాక ఒక్కలాగే పీలుత్తాడేటి?"

నా ఒంటి పరీక్షలో నాలుగు గంటలూ ఒక్కలాగే పద్నాలుగు. గదికి పరుగెత్తాను.

నా ఒంటి పరీక్ష రోజు యంత్రం రాసుకున్న శ్వాసల పట్టీ తీశాను. ప్రోగ్రామ్ రెండు లెక్కలు విడివిడిగా రాస్తుంది. మనిషి పీల్చడం మొదలుపెడితే అందుకుని యంత్రం ఇచ్చిన శ్వాసలు ఒకటి. మనిషి ఎంతకీ పీల్చకపోతే ప్రాణం కాపాడ్డానికి యంత్రం తన గడియారం చూసుకుని ఇచ్చినవి రెండోది. నేను నాలుగు గంటలు పడుకున్న రోజు పట్టీలో ఇలా ఉంది:

యంత్రం మొదలుపెట్టినవి: 3360.
మనిషి మొదలుపెట్టినవి: 0.

సున్నా. నాలుగు గంటలూ ఆ యంత్రానికి నేను బతికున్నట్టే తెలియదు. అది తన గడియారానికి గాలి ఊదింది. నేను తొక్కుడు బల్ల మీద ఉన్నట్టు దాని దెబ్బకి ఊపిరి కలిపేసి, ఎంత బాగా నడుస్తోందో అని మురిసిపోయాను. ఇంకే ఊళ్లో మనిషైనా పది నిమిషాల్లో మాస్కు పీకి అవతల పారేసేవాడు.

దాన్ని పట్టుకెళ్లి బావ మీద పెట్టాను. ఆయన ఊపిరి అందక కొట్టుకుంటుంటే పక్కన తుడుం కొట్టించాను.

పదో రోజు. ఎండ. దేవుడి దయ.

ఉదయం ఏడు. పచ్చపలక బల్ల మీద పెట్టి, గాలి గొట్టం నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చాను. పీలిస్తే ఒత్తిడి సున్నా కంటే కిందికి పోవాలి, మైనస్ మూడో నాలుగో చూపించాలి. తెర మీద 253 అని పడింది.

ఎనిమిదిన్నర. దొరికింది. ప్రోగ్రామ్ రాసినాయన ఒత్తిడిని చాలా చిన్న గడిలో దాచాడు. 256 అంకెలకి మాత్రమే చోటుండే గడి. నల్లపలక కంపైలర్ ఆ గడిలో సగం మైనస్ అంకెలకి వదిలేస్తుంది. పచ్చపలక కంపైలర్ అలా వదలదు, మొత్తం సున్నా నుంచి పైకే లెక్కపెడుతుంది. ఎవరిదీ తప్పు కాదు, ఎవరి అలవాటు వాళ్లది. నల్లదానికి మైనస్ మూడు, పచ్చదానికి 253. "ఒత్తిడి మైనస్ ఒకటి కంటే తగ్గితే గాలి ఇవ్వు" అని రాసుంది ప్రోగ్రామ్. మైనసే లేని చోట అది ఎప్పటికి తగ్గాలి?

హెచ్చరికలు చూపించమన్నాను. రెండు వందల పన్నెండోది: ఈ పోలిక ఎన్నటికీ నిజం కాదు. ఏడో రోజునే చెప్పింది. నేనే నోరు మూయించాను. ఈ ముక్క చిట్టాలో ఉండాలనే రాస్తున్నాను. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లు చదవాలి.

చెయ్యాల్సింది ఒక్కటే. చిన్న గడిలో మైనస్‌కి చోటు ఇవ్వమని కంపైలర్‌కి ఒక మాట చెప్పి, మొత్తం మళ్లీ కట్టించాలి. మూడు గంటల ఎండ. మిగతా హెచ్చరికలు ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాను.

పదకొండున్నర. పలక నమూనా యంత్రంలో పెట్టి, దాన్ని మోసుకుని బావ ఇంటికి వెళ్లాను. అక్క నిన్నటి నుంచి సంచి ఎవరికీ ఇవ్వలేదు. తిండి జోగారావు నోట్లో పెడుతున్నాడు. కుడిచెయ్యి వాచిపోయి, ఎడమచేత్తో నొక్కుతోంది.

"ఒంటి పరీక్ష నాలుగు గంటలన్నా" అన్నాను జోగారావుతో.

ఆయన అక్క చేతుల వైపు చూశాడు. "కట్టుబాటు నాకు తెల్దేటి? ఆ మాస్కు ఇలగ తే. పావుగంట సాలు. నువ్వొద్దు, నీ ఒల్లు దెబ్బకి మరిగిపోనాది. నాకు పంపు తొక్కితే ఆయాసమని వొంతు ఎప్పుడో తీసీసినారు, నా ఊపిరికి తాళమూ లేదు పాడూ లేదు."

పడుకుని పీల్చాడు, బిగబట్టాడు, దగ్గాడు, నన్ను నాలుగు తిట్లు తిట్టాడు. పట్టీ చూశాను. మనిషి మొదలుపెట్టినవి: 231. యంత్రం మొదలుపెట్టినవి: 2, ఆయన బిగబట్టినప్పుడు. లేచి సంతకం పెట్టాడు.

పన్నెండుంబావు. పలక బావ యంత్రంలోకి మార్చి ఆరు మరలు బిగించాను. మాస్కు పెట్టాం. అక్క సంచి పక్కకి తీసింది కాని కింద పెట్టలేదు. నేను పట్టీ మీద కళ్లు పెట్టాను. పైకి చూసే ధైర్యం లేకపోయింది.

మైనస్ 2. గాలి ఇచ్చింది. మైనస్ 3. గాలి ఇచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మైనస్ 2. గాలి ఇచ్చింది.

"మెడ సూడు" అంది అక్క, ఎవరితోనో. "మెడ బాగున్నాది."

పన్నెండు నలభై. నిమిషానికి ఒకసారి పదిహేడు, ఒకసారి ఇరవై రెండు, ఒకసారి పంతొమ్మిది. ఇంత అందమైన గజిబిజి అంకెలు నేను ఎన్నడూ చూడలేదు. ఏడ్చాను. ఏడ్చానని రాయడానికి నాకు సిగ్గు లేదు.

బావ రాతపలక అడిగాడు. మెల్లగా రాసి అందరికీ తిప్పి చూపించాడు. "మా ఇంట్లో ఇన్నాళ్లకి నా మాట యినేది ఒకటొచ్చింది."

"ఏటీ?" అంది అక్క. "నిన్నటి కాడ్నుంచి సేతులు పడిపోయేలాగ నొక్కింది ఎవులు? నీ యమ్మా? లెగనీ నీ పని సెప్తాను."

ఒంటిగంట కావస్తోంది. పట్టీ మీద ఉన్నట్టుండి అంకెలు చెదిరిపోయాయి. మైనస్ 2, మైనస్ 4, 6, మైనస్ 2, 5, మైనస్ 3, మైనస్ 2. చిన్న చిన్న ముక్కలు, ఒకదాని మీద ఒకటి పడుతూ. ప్రతి ముక్క వెనకా యంత్రం పరుగెత్తి గాలి అందిస్తోంది. 'లోపం' అని రాయబోతూ తలెత్తి చూశాను.

బావ నవ్వుతున్నాడు.